పాచి నారు

పొద్దున్నే, దీపం వెయ్యకముందు, ఆ చేప పసుపుగా ఉండదు.

పాలిపోయి ఉంటుంది. ఉతికి ఉతికి వెలిసిపోయిన చీర రంగు. ఒంటి మీద తల నుంచి తోక వైపుకు ఒక తెల్లటి చార. రాళ్ళ సందులో ఒక పక్కకు ఒరిగి, ఉన్నదో లేనిదో తెలియనట్టు ఉంటుంది.

నేను తొట్టి మీది దీపం వేస్తాను. ముందు నీలం. తర్వాత తెలుపు.

వేసి, నిలబడతాను.

అప్పుడు పసుపు వస్తుంది... తోక దగ్గర మొదలవుతుంది. కొంచెం కొంచెంగా ముందుకు పాకుతుంది. పొట్ట మీదకు, రెక్క మీదకు, మూతి దాకా. పొయ్యి మీద టీ పొంగే లోపల ఒళ్ళంతా పసుపైపోతుంది — అప్పుడే మరలో ఆడించిన దుగ్గిరాల పసుపు.

రోజూ వస్తుంది.

వస్తుందని నాకు తెలుసు. తెలిసినా నిలబడతాను.

*

పర్చూరులో, మెయిన్ రోడ్డుకు రెండు సందుల లోపల, మా ముందుగదిలో సముద్రం ఉంది.

ఒక గోడకు నా కుట్టుమిషను. ఇంకో గోడకు సముద్రం. నాలుగడుగుల అద్దాల తొట్టిలో రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, పగడాల మధ్య చేపలు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు చేతులు పైకెత్తి అటే చూస్తూ ఉండిపోతారు. నేను కొలత తీసుకోవడం అయిపోయినా చేతులు దించరు.

నా పేరు సఫూరా. సఫూరాకు పొగరు అంటారు. ఉంది. నా కుట్టు ఊడదు, నా మాట తప్పదు, పొగరు ఉండక ఎక్కడికి పోతుంది?

ఈ తొట్టి వచ్చినప్పుడూ అదే మాట అన్నారు. మా ఆయన ముస్తాక్ ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. గుంటూరులో ఒక హోటలు మూతబడితే ఏసీలు ఊడదీయడానికి వెళ్ళి, వాటితో పాటు దీన్నీ వ్యానులో వేసుకొచ్చాడు. బకెట్లలో రాళ్ళు, ఆ రాళ్ళకు అంటుకుని ముడుచుకుపోయిన పగడాలు, బిక్కుబిక్కుమంటున్న నాలుగు చేపలు.

"ఎవరూ తీసుకోలేదు. పారబోస్తారంట" అన్నాడు, నా మొహం చూడకుండా.

"అక్కడ పెట్టు" అన్నాను.

వీధి వీధంతా నవ్వింది. మిరపకాయలు ఎండే ఊరు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు. గాలి పీల్చినా ఘాటు, నీళ్ళు తాగినా వేడి. ఇక్కడ సముద్రపు చేప బతుకుతుందా అని.

బతుకుతుంది అన్నాను.

బతికింది.

ముస్తాక్ పాత ఫ్రిజ్జు ఇంజను ఒకటి దానికి తగిలించి నీళ్ళు చల్లబరిచాడు. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ పెట్టాడు. నేను క్యాను నీళ్ళలో చేపల తొట్టికని వచ్చే ప్యాకెట్ ఉప్పు కలపడం నేర్చుకున్నాను. ఎండకు తొట్టిలో నీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళు పొయ్యకూడదని, మంచినీళ్ళే పొయ్యాలని నేర్చుకున్నాను. ఆవిరై పోయేది నీళ్ళు, ఉప్పు ఎక్కడికీ పోదు. పులుసు మరిగి చిక్కబడితే ఏం చేస్తాం? అదే.

ఒక్క పాచితోనే పడలేకపోయాను.

ఎండ ఉన్న ఊరు. కిటికీలోంచి వెలుతురు. పచ్చటి పాచి రాళ్ళను కప్పింది. పగడాల మెడ దాకా వచ్చింది. పీకితే మళ్ళీ వచ్చింది. అందుకే ఈ చేపను తెప్పించాం. చెన్నైలో రైలెక్కి, ప్లాస్టిక్ సంచిలో, చీరాలలో దిగింది. ఎల్లో టాంగ్ అంటారు దీన్ని. పాచి తిని బతికే జాతి. ఎక్కడో తొట్లలోనే పుట్టి పెరిగిందట... సముద్రం మొహం చూడని సముద్రపు చేప.

అరచేయంత ఉంటుంది. పలచగా, చిన్న పళ్ళెంలా. తోక మొదట్లో రెండు వైపులా తెల్లటి ముల్లు. ముల్లంటే ముల్లు కాదు — చాకు. మామూలుగా మడిచి ఉంచుకుంటుంది.

పొద్దంతా మేస్తుంది. చిన్న మూతితో రాయిని గీకుతుంది, జరుగుతుంది, గీకుతుంది. మేక అయినా కాసేపు పడుకుని నెమరేస్తుంది. ఇది ఆగదు. దాని కడుపు చిన్నది, ఆకలి పెద్దది, మేత తప్పితే చిక్కిపోతుంది. గింజల మేత వేస్తే చూడదు. ఎండు నాచు క్లిప్పుకు పెట్టి వేలాడదీస్తే దాని చుట్టూ ఒకసారి తిరిగి పోతుంది. దానికి రాయి కావాలి. రాయి మీద పాచి కావాలి.

దానికీ పొగరే. నాకు నచ్చింది.

*

మా అత్త మస్తాన్‌బీ నిరుడు చలికాలంలో మా ఇంటికొచ్చింది.

వాళ్ళది దర్శి అవతల మెట్ట ఊరు. అక్కడ మిరపనారు పొయ్యడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మస్తాన్‌బీ మడిలో నారే కావాలని చుట్టుపక్కల రైతులు పొద్దెక్కకముందే వచ్చి కూర్చునేవాళ్ళట. మామ పోయాక కౌలు పొలం పోయింది, మడి పోయింది. ఒక్కతీ అక్కడెందుకని మేమే తెచ్చుకున్నాం.

పని లేకపోవడం ఆమెకు జబ్బు. కాబట్టి తోముతుంది. తోమిన గిన్నె తోముతుంది. కడిగిన గడప కడుగుతుంది. నేను కుట్టి మడతపెట్టిన జాకెట్లు విప్పి మళ్ళీ మడతపెడుతుంది. ఏమీ మిగలనప్పుడు తొట్టి ముందు పీట వేసుకుని చేపతో మాట్లాడుతుంది.

"ఏమే పసుపుకొమ్మా, తిన్నావా?"

అది అద్దం దాకా వచ్చి ఆమె మొహం చూసేది. నేను పిలిస్తే రాదు. దీపం వేసేది నేను, నీళ్ళు కలిపేది నేను, అయినా ఆమె దగ్గరికే పోయేది. అందుకు నాకు కొంచెం కుళ్ళు కూడా.

ఆ మనిషంటే నాకు ప్రాణం. ఈ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఇద్దరికీ అలాంటి మాటలు అలవాటు లేవు.

*

మా పెద్ద పండగ బక్రీదు ముందు పెదకాకానిలో మా చెల్లెలికి కాన్పయింది. వెళ్ళి, పండగ ముందు రోజు తిరిగొచ్చాను.

ఇల్లు మెరిసిపోతోంది. పండగకు ఇల్లు కడగడం అందరూ చేస్తారు. మస్తాన్‌బీ కడిగితే వేరు. గోడలకు సున్నం. ఫ్యాను రెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి. బిందెల్లో మొహం కనిపిస్తోంది. ముస్తాక్‌కు ఎండాకాలం ఏసీ పనులు, పొద్దున పోతే చీకటిపడ్డాకే ఇంటికి. ఆమెను ఆపేవాళ్ళు లేరు.

గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది.

"చూడవే సఫూరా, ఎట్టా ఉందో! నీ చేపల ఇల్లు కూడా కడిగా. పండగపూట ఇంట్లో పాచి ఉంచుకుంటామా? సబ్బు పెట్టలేదులే, ఆ మాత్రం నాకు తెలుసు. ఒక్కో రాయీ తీసి, దాని నీళ్ళలోనే, ఉత్త కొబ్బరి పీచుతోనే తోమా."

రాళ్ళు తెల్లగా ఉన్నాయి.

ఒక్క రాయి మీద, ఒక్క సందులో, ఒక్క పచ్చటి చుక్క లేదు. ఆ తెల్లటి రాళ్ళ మధ్య చేప తిరుగుతోంది... మూతి పెడుతుంది, తీస్తుంది. ఇంకో రాయి. మూతి పెడుతుంది, తీస్తుంది.

"అత్తా," అన్నాను, "దాని అన్నం కడిగి పారబోశావు."

నిజమే అన్నాను. కానీ ఎవరితో అన్నాను? దర్శి మెట్టలో వానల్లేని ఏళ్ళు చూసిన మనిషితో. కింద పడ్డ మెతుకు ఏరి కళ్ళకద్దుకుని తినే మనిషితో. చుట్టాల పిల్లలు అన్నం వదిలేస్తే వాళ్ళను ఏమీ అనకుండా ఆ పళ్ళెంలోనే తను తినే మనిషితో.

ఆమె నవ్వు ఆగింది. చూపుడువేలికి గుడ్డముక్క చుట్టి ఉంది. దాన్ని చూసుకుంది.

"అందుకా అది నన్ను కోసింది?" అంది.

*

పండగ జరిగింది. బిరియానీ వండింది, ఇంట్లోవాళ్ళకు పెట్టింది, వీధికి పంచింది. తన పళ్ళెం ముందు కూర్చుంది, లేచింది.

తొట్టిలో చేపా అంతే. తిరుగుతుంది, తినదు. పాలకూర ఉడకబెట్టి పెట్టాను. తినలేదు. ఎండు నాచును రాయికి రబ్బరుబ్యాండుతో కట్టాను. తినలేదు. పొట్ట లోపలికి పోయింది. తల మీద ఎముక తేలింది. పగడాలు మాత్రం విచ్చుకుని హాయిగా ఊగుతున్నాయి, వాటిని చూస్తే ఒళ్ళు మండింది.

పొద్దున దీపం వేస్తే పసుపు ఆలస్యంగా వస్తోంది. టీ పొంగుతుంది. దించుతాను. వడకడతాను. అప్పటికి పొట్ట దాకా వస్తుంది...

ఒక రోజు సగంలో ఆగిపోయింది.

మస్తాన్‌బీ నా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"పై శుక్రవారం దర్శి పోతానే," అంది. "అప్పటికి మా తమ్ముడు ఊళ్ళో ఉంటాడు. నోటికాడ కూడు తీసిన చెయ్యి ఇది. ఈ చేత్తో వండింది మీరెట్టా తింటారు? అది చచ్చిపోతే నేనీ గదిలోకి ఎట్టా వస్తా?"

ముస్తాక్ బతిమాలాడు. చెన్నైవాడికి ఫోన్ చేశానమ్మా, ఇంకో చేప పంపుతానన్నాడు, అచ్చం ఇట్టాంటిదే అన్నాడు.

"అచ్చం ఇట్టాంటిది తెస్తే ఇది చావనట్టా?"

ముస్తాక్ నా వైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు.

నాకు బతిమాలడం రాదు. పోవద్దత్తా అని చెయ్యి పట్టుకోవడం రాదు. కానీ ఆమె పోతే ఈ ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళముందు కనిపించింది. తోమిన గిన్నెలు తోమినట్టే ఉంటాయి. మడతపెట్టిన జాకెట్లు మడతల్లోనే ఉంటాయి. తొట్టి ముందు పీట ఖాళీగా... నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు పని పురమాయించడం ఒక్కటే వచ్చు.

"అత్తా, నారు పొయ్యాలి" అన్నాను.

"రోహిణిలో ఏం నారే?"

"పాచి నారు. మన డాబా మీద ఉన్న ఎండ ఈ గదిలో లేదు. పైన తొట్లు పెట్టి పాచి మొలిపిద్దాం. మొలిచింది మొలిచినట్టు తెచ్చి దీనికి పెడదాం."

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. జన్మంతా పాచి వదిలించిన మనిషి. ఆమె పాచికి నారు పొయ్యడమా? కొంగు బిగించి విసవిసా వంటింటి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"విత్తనమేదీ?" అంది.

నేను ఆలోచించనిది అదొక్కటే.

*

విత్తనం కోసం సముద్రం ఒడ్డుకు, వాడరేవు వెళ్ళాం. మా వీధి నాగూర్ వలి ఆటోలో, నేనూ ఆమే. దారి పొడవునా పీకేసిన పత్తికట్టె, ఊడ్చేసిన మిరప కల్లాలు, వడగాలి.

సముద్రం దగ్గర ఆమె సముద్రాన్ని చూడలేదు. ఒడ్డుకు లాగిన పడవల మధ్య వంగి వంగి తిరిగింది. లంగరు తాళ్ళు చూసింది. ఒక పాత తాడు మీద పచ్చటి నూగు — దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపింది, వాసన చూసింది.

"ఇది ముదురు."

ఇంకో తాడు. "ఇది జిగురు. మంచిది కాదు."

ఇంకో తాడు. దాన్ని చాలాసేపు పట్టుకుని ఉంది.

"ఇది లేత."

పడవ మనిషి నవ్వుతూ ఆ తాడు ముక్క కోసిచ్చాడు. పాచి కోసం ఇంత దూరం వచ్చారా అమ్మా అన్నాడు.

"నారుకయ్యా" అంది, విసుగ్గా.

తిరుగు దారిలో తడిగుడ్డలో చుట్టిన తాడు ఆమె ఒళ్ళోనే ఉంది. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా రెండు చేతులూ దాని మీద వేసింది.

డాబా మీద రెండు తెల్ల తొట్లు పెట్టాను. చేపల తొట్టిలోంచి తోడిన పాత నీళ్ళు నింపాను. చేపల మురికే ఎరువు. అడుగున పగిలిన కుండ పెంకులు పరిచింది ఆమె, నున్నటి రాయి మీద ఏదీ నిలవదు, గరుకు కావాలి అని. తాడును పోగులు పోగులుగా విప్పి, ఉప్పునీళ్ళలో జాడించి, పెంకుల మీద పరిచింది.

ఒక తొట్టి నేను తీసుకున్నాను. నిండు ఎండలో పెట్టాను. ఎంత ఎండయితే అంత పచ్చన అనుకున్నాను. మధ్యాహ్నానికి నీళ్ళు చెయ్యి పెట్టలేనట్టు కాగాయి. సాయంత్రానికి నూగంతా తెల్లబడింది.

మస్తాన్‌బీ వచ్చి చూసింది. పండగ ముందు రోజు నుంచి నన్ను ఒక్క మాట అనని మనిషి.

"ఏం మనిషివే నువ్వు! లేత నారు మీద ఇంత ఎండ పడనిస్తారటే ఎవరైనా? పసిబిడ్డను తెచ్చి కల్లంలో పడుకోబెట్టినట్టు! ఆ మిషను తప్ప నీకు ఇంకేం తెలుసే?"

హాయిగా అనిపించింది. ఇంకా తిట్టమనిపించింది.

రెండో తొట్టి ఆమెది. నన్ను ముట్టుకోనివ్వలేదు. పొద్దుటి ఎండ తగలనిస్తుంది. ఎండ ముదిరే వేళకు తన పాత వాయిల్ చీర నాలుగు కర్రలకు కట్టి కప్పుతుంది. తొట్టి చుట్టూ తడి గోనెపట్టా చుడుతుంది. తగ్గినన్ని మంచినీళ్ళు చెంబుతో పోస్తుంది, అంచు వెంట, పోగు కదలకుండా. సాయంత్రం మళ్ళీ చీర తీస్తుంది. వడగాలికి చీర ఎగిరిన చప్పుడైతే మధ్యాహ్నపు కునుకులోంచి లేచి పరుగెడుతుంది.

జాకెట్టు కోసం వచ్చినావిడ మెట్ల మీద ఆమెను చూసి బుగ్గలు నొక్కుకుంది. ఊరంతా పాచి వదిలించుకుంటుంటే మీరు పెంచుతున్నారేంటమ్మా అని. మస్తాన్‌బీ వినలేదు. ఆమె చెవులు డాబా మీద ఉన్నాయి.

డాబా మీద చీర. కింద పాలిపోయిన చేప. మధ్యలో మెట్లు — ఎక్కుతుంది, దిగుతుంది. ఎక్కేముందు తొట్టిలోకి చూసి వెళ్తుంది, దిగాక తొట్టిలోకి చూసి వస్తుంది. పసుపుకొమ్మా అని పిలవడం మాత్రం మానేసింది.

పెంకు రంగు కొంచెం మారినట్టుంది. మారిందా, మాకే అనిపిస్తోందా... ఒక పొద్దున వేలితో రాస్తే మెత్తగా తగిలింది. మరో పొద్దున — పచ్చన.

నేను గంతులు వెయ్యలేదు. వస్తుందని నాకు తెలుసు.

ఆమె నవ్వింది. వెంటనే ఆపేసింది. కిందికి దిగి సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. అన్న మాట అన్నదే, శుక్రవారమంటే శుక్రవారమే. మా ఇంట్లో పొగరు ఉన్నది నా ఒక్కదానికే కాదు.

*

శుక్రవారం. తెల్లవారుతోంది.

ఆమెను దర్శి బస్సు ఎక్కించడానికి నాగూర్ వలి వస్తాడు. గుడ్డసంచి గుమ్మం దగ్గర ఉంది. ముస్తాక్ దాన్ని లోపల పెడతాడు, ఆమె మళ్ళీ బయట పెడుతుంది. నేను పొయ్యి మీద టీ పెట్టి వచ్చాను.

నమాజు చేసుకుని ఆమె డాబా ఎక్కింది. దిగింది. రెండు చేతుల్లో పెంకు, నీళ్ళు కారుతూ.

"ఇంకా లేతదే," అంది. "నాలుగు రోజులు ఆగితే బలం పట్టేది. ఇంత లేతది నాటితే నిలబడదు."

"అది నాలుగు రోజులు ఆగదత్తా."

తెలుసు ఆమెకు.

మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టింది. చూపుడువేలి మీద చేప కోసిన గీత ఇంకా ఎర్రగా ఉంది. చేప దాక్కున్న సందుకు ఎదురుగా పెంకును నిలబెట్టి, మొక్క మొదట్లో మన్ను నొక్కినట్టు చుట్టూ ఇసుక నొక్కింది. చెయ్యి వెంటనే తియ్యలేదు. ఇంకోసారి కోస్తే కోయనీ అన్నట్టు కాసేపు అక్కడే ఉంచింది.

చేప కదల్లేదు. వెలిసిన రంగు. తెల్ల చార. ఒక పక్కకు ఒరిగి...

నేను దీపం వేశాను. ముందు నీలం. తర్వాత తెలుపు.

నిలబడ్డాను. ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. చేతినుంచి ఉప్పునీళ్ళు నేల మీద, తను కడిగిన నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. తుడవలేదు.

బయట హారన్.

చేప మొప్ప కదిలింది. రెక్క కదిలింది. సందులోంచి మూతి మాత్రం బయటికి వచ్చింది. పెంకు మీద పచ్చటి నూగు నీటి కదలికకు అటూ ఇటూ ఊగుతోంది.

మళ్ళీ హారన్.

"వాణ్ణి ఆగమనవే," అంది మస్తాన్‌బీ, అద్దం మీంచి కళ్ళు తియ్యకుండా. "అయినా నేను పోతే మధ్యాహ్నం ఆ చీర ఎవరు కప్పుతారు? నువ్వా? నువ్వు కప్పితే ఉడకబెడతావు."

ముస్తాక్ గుమ్మం దగ్గర సంచి తీసి, చప్పుడు కాకుండా, లోపల పెట్టాడు. ఈసారి ఆమె దాన్ని మళ్ళీ బయట పెట్టలేదు.

"పసుపుకొమ్మా," అంది, మెల్లగా. "తినవే."

చేప పెంకు దాకా వచ్చింది. ఆగింది. దాని తోక దగ్గర... పసుపా, దీపం వెలుతురా?

వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు. ఎవరమూ కదల్లేదు.

వస్తుంది.

వస్తుందని నాకు తెలుసు. తెలిసినా — నిలబడ్డాం.